స్పెయిన్ పాత నగరాలకు తీరిగ్గా రైల్లో: దక్షిణమా, కాస్టీలా, లగ్జరీ రైలా?

యూరప్ ట్రిప్ అనుకునే మనవాళ్ల నోట ఈమధ్య స్పెయిన్ పేరు బాగా వినిపిస్తోంది. అయితే చాలామంది వేసుకునే ప్లాన్ చూస్తే భయమేస్తుంది. పది రోజుల్లో ఏడు ఊళ్లు, రోజు విడిచి రోజు సూట్‌కేసు సర్దుడు, తిరిగొచ్చాక ఏ కోట ఏ ఊళ్లో చూశామో గుర్తులేకపోవడం. స్పెయిన్‌లో ఈ ఉరుకులు పరుగులు అవసరమే లేదు. చూడదగ్గ పాత నగరాలు చాలావరకు ఒకదానికొకటి రైల్లో అరగంట, ముప్పావుగంట, మహా అయితే మూడు గంటల దూరంలో ఉన్నాయి. ఒక ఊళ్లో మూడు నాలుగు రాత్రులు దిగి, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి, పక్క నగరం చూసుకుని సాయంత్రానికి అదే మంచం మీదకు వచ్చేయొచ్చు.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను మొదట అడిగేది ఒకటే: హోటల్ ఎన్నిసార్లు మారే ఓపిక ఉంది? పది పన్నెండు రోజుల ట్రిప్పులో మూడుసార్లకు మించి మారకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ ఒక్క నియమం పెట్టుకుంటే మిగతా ఎంపికలన్నీ తేలికవుతాయి.

మీ ముందున్న దారులు ప్రధానంగా మూడు. మాడ్రిడ్ నుంచి దక్షిణానికి దిగి కోర్డోబా, సెవిల్, గ్రనడా చూడటం ఒకటి. మాడ్రిడ్‌కు ఉత్తరాన, పడమరన ఉన్న సెగోవియా, ఆవిలా, సాలమాంకా, లియోన్ వంటి కాస్టీల్ నగరాలు రెండోది. డబ్బుకు వెనకాడని వాళ్లకు రైలే హోటల్‌గా ఉండే అల్ అందలూస్, ట్రాన్స్‌కాంటాబ్రికో లాంటి లగ్జరీ రైళ్లు మూడోది. బార్సిలోనా, వాలెన్సియా, సరగోసా ఉన్న తూర్పు వైపు కూడా మంచిదే. కానీ అక్కడ పెద్ద నగరాల హడావుడి ఎక్కువ. తీరిక కోసం వెళ్లేవాళ్లకు అది నా మొదటి సలహా కాదు.

ముందు రైళ్ల సంగతి

స్పెయిన్‌లో రెండు రకాల పట్టాలున్నాయి. పాత లైన్ల వెడల్పు 1,668 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1,676, అంటే తేడా 8 మిల్లీమీటర్లే. యూరప్‌లో చాలా దేశాల పట్టాలు 1,435. 1992లో సెవిల్‌లో ఎక్స్‌పో జరిగినప్పుడు మాడ్రిడ్ నుంచి అక్కడికి తొలి హైస్పీడ్ లైన్ వేశారు. దాన్ని మాత్రం యూరప్ కొలతకే వేశారు. అప్పటినుంచి కొత్త హైస్పీడ్ లైన్లు దాదాపు అన్నీ అదే కొలత. దారిలో చక్రాల వెడల్పు మార్చుకుని రెండు రకాల పట్టాల మీదా నడిచే రైళ్లు కూడా వాళ్ల దగ్గరున్నాయి. ఆ టెక్నాలజీకి పేరుపడ్డ టాల్గో కంపెనీ రైలును 2016లో మన ఢిల్లీ, ముంబై మధ్య కూడా ట్రయల్ నడిపారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ ఎంపిక మీద దీని ప్రభావం నేరుగా పడుతుంది. కొత్త లైన్ మీదున్న ఊరికి గంటలో చేరతారు, కానీ కొన్నిచోట్ల స్టేషన్ ఊరి బయట ఎక్కడో పొలాల్లో ఉంటుంది. సెగోవియా, బుర్గోస్ అలాంటివే. పాత లైన్ మీదున్న ఊరికి రైలు నెమ్మదిగా పోతుంది, రోజుకు తక్కువ రైళ్లుంటాయి, కానీ స్టేషన్ ఊళ్లోనే దొరుకుతుంది. ఆవిలా అలాంటిది.

రైళ్ల పేర్లు విని కంగారు పడనక్కర్లేదు. ప్రభుత్వ సంస్థ రెన్ఫే. దాని దూరప్రాంత హైస్పీడ్ రైలు ఆవే, చౌక రకం అవ్లో, దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే హైస్పీడ్ రైలు అవాంట్, పాత లైన్లలో నడిచేది మీడియా డిస్టాన్సియా. వీటికి పోటీగా 2021లో ఉయిగో, 2022లో ఇర్యో వచ్చాయి. పోటీ వల్ల మాడ్రిడ్, సెవిల్ లాంటి పెద్ద రూట్లలో ముందుగా కొంటే టికెట్లు బాగా చౌకగా దొరుకుతున్నాయి. ఆఖరి నిమిషంలో కొంటే అదే సీటుకు రెండు మూడింతలు పెట్టాల్సి రావచ్చు. అవాంట్ టికెట్లకు ఈ హెచ్చుతగ్గులు పెద్దగా ఉండవు. కాకపోతే నిలబడి వెళ్లే పద్ధతి లేదు, సీట్లు అయిపోతే అంతే. శని, ఆదివారాల్లో మాడ్రిడ్ పక్కనున్న పాత నగరం టొలేడోకు పోయే రైళ్లకు ఇది తరచూ జరుగుతుంది.

రాత్రి బెర్త్ మీద పడుకుని పొద్దున్నే ఇంకో ఊళ్లో దిగుదామనుకునే వాళ్లకు ఒక మాట. దేశం లోపల తిరిగే రాత్రి హోటల్ రైళ్లు 2020లో ఆగిపోయాయి. పగటి ప్రయాణం మీదే ప్లాన్ వేసుకోండి.

దక్షిణం: మొదటిసారి వెళ్తున్నవాళ్లకు నా ఓటు

మాడ్రిడ్ నుంచి కోర్డోబాకు సుమారు గంటా ముప్పావు. కోర్డోబా నుంచి సెవిల్‌కు ముప్పావుగంట. సెవిల్ నుంచి గ్రనడాకు రెండున్నర గంటలు అటూఇటూ. గ్రనడా నుంచి తిరిగి మాడ్రిడ్‌కు మూడున్నర గంటల లోపు. చూసేసిన ఊళ్లలో మళ్లీ దిగాల్సిన పని లేకుండా మాడ్రిడ్ వచ్చేస్తారు. ఏ ఒక్క ప్రయాణమూ పూట మొత్తాన్ని మింగేయదు.

ఇక్కడ అందరూ చేసే పని, కోర్డోబాను మధ్యలో నాలుగు గంటలు ఆగి చూసేసి సెవిల్‌కు పోవడం. పెద్ద స్టేషన్లలో సామాను పెట్టుకునే లాకర్లు ఉంటాయి కాబట్టి వీలవుతుంది కూడా. కానీ నా మాట వినండి, కోర్డోబాలో రెండు రాత్రులు ఉండండి. ఎందుకో చెప్తాను.

కోర్డోబాలోని పెద్ద మసీదు, మెస్కీటా, కట్టడం మొదలైంది 785లో. లోపల 850కి పైగా స్తంభాలున్నాయి. అవి చాలావరకు పాత రోమన్ల, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి. దగ్గరికెళ్లి చూస్తే ఒకటి బూడిదరంగు, పక్కది గులాబీ, ఇంకోటి నల్లరాయి. పైన చెక్కిన ఆకులూ ఒకలా ఉండవు. ఆ స్తంభాలు పొట్టివి, హాలేమో పెద్దది. కప్పు ఎత్తుగా రావాలని ఒక కమాను మీద ఇంకో కమాను నిలబెట్టారు. ఎర్ర ఇటుక, తెల్ల రాయి ఒకదాని తర్వాత ఒకటి పేర్చిన ఆ జంట కమానులే ఈరోజు ప్రపంచమంతా ఫొటోల్లో చూస్తున్నది. 1236లో ఊరు క్రైస్తవ రాజుల చేతికి వచ్చాక అది చర్చి అయింది. 16వ శతాబ్దంలో సరిగ్గా మధ్యలో పెద్ద కేథడ్రల్ కట్టారు. స్తంభాల అడవిలో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తలెత్తితే తెల్లటి ఎత్తైన చర్చి పైకప్పు కనిపిస్తుంది. రెండు మతాల కట్టడం ఒకే గోడల మధ్య ఇలా నిలిచిన చోటు మరొకటి చూడటం కష్టం.

దీన్ని మధ్యాహ్నం టూర్ బస్సుల గుంపుతో చూడటానికీ, పొద్దున 8:30కి తలుపు తీయగానే చూడటానికీ పోలికే లేదు. ఆదివారం కాకుండా మిగతా రోజుల్లో పొద్దున ఆ మొదటి గంటలోపు ఉచితంగా వదలడం అక్కడ ఆనవాయితీ. టైమింగ్స్ మాత్రం వెళ్లేముందు ఒకసారి చూసుకోండి. ఆ గంట దొరకాలంటే రాత్రి ఆ ఊళ్లోనే పడుకోవాలి. మిగిలిన టైమ్‌లో ఊరి బయటున్న మదీనా అసహారా శిథిలాలు చూడొచ్చు. 10వ శతాబ్దపు ఖలీఫా రాజధాని అది, 2018లో యునెస్కో జాబితాలో చేరింది. మే నెల మొదట్లో వెళ్తే ఇళ్ల లోపలి పూల పెరళ్లను జనం చూడటానికి తెరిచిపెడతారు. అదొక పోటీ కూడా.

సెవిల్‌కు నాలుగు రాత్రులు ఇవ్వండి. కేథడ్రల్, దాని పక్కనే హిరాల్దా గోపురం, ఎదురుగా అల్కాసర్ రాజభవనం, ఇవన్నీ పక్కపక్కనే. హిరాల్దా ఒకప్పటి మసీదు మినార్. పైకి వెళ్లడానికి చాలావరకు మెట్లు ఉండవు, వాలుగా ఎక్కే దారే. అజాన్ పిలిచే మనిషి గుర్రం మీద ఎక్కేందుకు వీలుగా అలా కట్టారంటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కేథడ్రల్ లోపల కొలంబస్ సమాధి ఉంది. అల్కాసర్‌లో 14వ శతాబ్దంలో క్రైస్తవ రాజు పేద్రో ముస్లిం శిల్పులతో కట్టించుకున్న భవనం ఉంది, అరబిక్ అక్షరాలు గోడల నిండా కనిపిస్తాయి. అల్కాసర్‌కు టైమ్ స్లాట్ టికెట్ ముందే కొనుక్కోండి. నాలుగు రోజుల్లో ఒక రోజు రైల్లో కాదిస్ వెళ్లి రండి. గంటా నలభై నిమిషాలు, మూడువైపులా సముద్రం. ఆ దారిలోనే హెరెస్ కూడా వస్తుంది.

గ్రనడాకు మూడు రాత్రులు. అక్కడి అల్హంబ్రా కోట గురించి వేరే చెప్పక్కర్లేదు. 1492 జనవరిలో చివరి ముస్లిం రాజు ఆ కోటను క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌లకు అప్పగించాడు. అదే ఏడాది కొలంబస్ బయల్దేరాడు. చరిత్ర ఇష్టమైనవాళ్లకు ఆ కోట గోడల మీద నిలబడటమే చాలు. కానీ ప్లానింగ్ విషయంలో ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: అల్హంబ్రా లోపలి నస్రిద్ రాజభవనాలకు టికెట్ మీద గంట, నిమిషం రాసి ఉంటుంది. ఆ టైమ్ దాటితే లోపలికి వదలరు. టికెట్ మీద మీ పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి, గేటు దగ్గర ఒరిజినల్ పాస్‌పోర్టు అడుగుతారు. సీజన్‌లో టికెట్లు వారాల ముందే అయిపోతాయి. కాబట్టి దక్షిణం ప్లాన్ వేసేటప్పుడు ముందు అల్హంబ్రా తేదీ ఖాయం చేసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టి సెవిల్, కోర్డోబా తేదీలు వేసుకోవాలి. ఇది తలకిందులుగా చేస్తే గ్రనడా దాకా వెళ్లి అల్హంబ్రా బయటినుంచి చూసి రావాల్సి వస్తుంది.

గ్రనడాలో ఎత్తుపల్లాలు ఎక్కువ. అల్బైసీన్ పాత పేట అంతా రాళ్లు పరిచిన ఎక్కుడు సందులే. చిన్న బస్సులు తిరుగుతుంటాయి, వాటిని వాడుకోండి.

నెమ్మది రైలు ఎక్కాలనే సరదా ఉంటే దక్షిణంలో రోండా ఉంది. 1793లో పూర్తయిన అక్కడి కొత్త వంతెన లోతైన లోయ మీద ఊరి రెండు సగాలనూ కలుపుతుంది. రోండా నుంచి అల్హెసీరస్ దాకా వెళ్లే లైన్‌ను 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్లు వేశారు. కొండల మధ్య, చిన్న చిన్న సొరంగాల్లోంచి, బెండు చెట్ల (కార్క్ ఓక్) అడవుల పక్కగా సాగే ఆ ప్రయాణమే ఒక చూడదగ్గ చోటు. రోజుకు కొన్ని రైళ్లే కాబట్టి టైమ్‌టేబుల్ చూసి వెళ్లండి. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు.

కాస్టీల్: వేసవికి, రెండోసారి వెళ్లేవాళ్లకు

జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలోపు మాత్రమే సెలవు దొరికే వాళ్లు దక్షిణం మీద ఆశ వదిలేసుకోవడమే మంచిది. జులై, ఆగస్టుల్లో సెవిల్, కోర్డోబాల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. మన రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పైగా అక్కడ జులైలో సూర్యుడు అస్తమించేది రాత్రి పావు తక్కువ పదికి. అంటే సాయంత్రం ఏడింటికి కూడా వీధిలో ఎండే. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ వేడిలో కోటలు ఎక్కడం సరదా కాదు.

కాస్టీల్ పీఠభూమి మీద కథ వేరు. ఆవిలా సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైన ఉంది. సెగోవియా దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. పగలు ఎండ ఉన్నా రాత్రి కిటికీ తీస్తే చల్లగాలి వస్తుంది. చలికాలంలో మాత్రం దీనికి పూర్తిగా రివర్స్: జనవరిలో ఇక్కడ వణికిపోతారు, సెవిల్‌లో స్వెటర్‌తో హాయిగా తిరగొచ్చు.

సెగోవియా: మాడ్రిడ్ చమర్తిన్ స్టేషన్ నుంచి అరగంట కూడా పట్టదు. గియోమార్ స్టేషన్‌లో దిగితే చుట్టూ ఖాళీ నేల, దూరంగా కొండలు, ఊరు ఎక్కడుందో తెలియదు. రైలు టైమ్‌కు 11వ నంబరు బస్సు ఉంటుంది. అది తీసుకెళ్లి సరిగ్గా రోమన్ నీటి వంతెన కాళ్ల దగ్గర దింపుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి కట్టడం. ఆ చోట ఎత్తు 28 మీటర్లు. రాళ్ల మధ్య సున్నం లేదు, గార లేదు, బరువు మీదే నిలబడి ఉంది. ఒక స్తంభం దగ్గరికి వెళ్లి చూడండి. ఒక్కో గ్రానైట్ రాయికి మధ్యలో చిన్న గుంట కనిపిస్తుంది. రాయిని పట్టకారుతో బిగించి పైకి లేపడానికి చేసిన గుంట అది. ఆ రోజుల కూలీ పని అంత దగ్గరగా కనిపిస్తుంటే, నాకైతే ఊరి చివరన ఉన్న అల్కాసర్ కోట కంటే ఇక్కడే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

టొలేడోనా, సెగోవియానా అన్నది మాడ్రిడ్‌లో దిగిన ప్రతివాళ్లకూ వచ్చే ప్రశ్న. రెండూ అరగంటే, కాకపోతే టొలేడో రైలు అతోచా నుంచి, సెగోవియా రైలు చమర్తిన్ నుంచి. చిత్రకళ, మతాల చరిత్ర ఇష్టమైతే టొలేడో. ఎల్ గ్రేకో వేసిన ‘కౌంట్ ఆర్గాజ్ అంత్యక్రియలు’ బొమ్మ సాంతో తొమే చర్చిలో ఉంది, మసీదులను తలపించే కమానులతో సాంతా మరియా లా బ్లాంకా యూదు ప్రార్థనాలయం ఉంది. 1919లో కట్టిన రైల్వే స్టేషనే ఒక చిన్న రాజమహల్‌లా ఉంటుంది, రైలు దిగగానే బయటికి పరిగెత్తకండి. పిల్లలు ఉంటే, నడక తక్కువగా ఉండాలంటే, సెగోవియా. టొలేడో పాత ఊరు కొండ మీద ఉంది, ఎక్కుడు ఎక్కువ. ఊళ్లోకి ఎస్కలేటర్లు ఉన్నాయి, అవి ఎక్కడున్నాయో ముందే చూసుకుంటే సగం శ్రమ తప్పుతుంది. ఇంకో మాట: టొలేడోకు రైలు లైన్ అక్కడితో ఆగిపోతుంది. మ్యాప్‌లో దక్షిణం వైపు కనిపిస్తోంది కదా, అటునుంచి అటే కోర్డోబా పోదామనుకుంటే కుదరదు, మళ్లీ మాడ్రిడ్ రావాల్సిందే.

రెండిట్లో ఏదో ఒకదానిలో ఒక రాత్రి ఉండే వీలుంటే టొలేడోలో ఉండండి. సాయంత్రం అయ్యేసరికి మాడ్రిడ్ నుంచి వచ్చిన గుంపులన్నీ వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఆ సందులు మీవే.

కాస్టీల్‌లో నా మనసు గెలిచిన ఊరు సాలమాంకా. 1218లో మొదలైన విశ్వవిద్యాలయం, ఇప్పటికీ వీధుల నిండా విద్యార్థులే. ఊరంతా దగ్గర్లోని విల్లమయోర్ క్వారీల ఇసుకరాతితో కట్టారు, సాయంత్రం ఎండ పడితే బంగారు రంగు తేలుతుంది. విశ్వవిద్యాలయం ముఖద్వారం మీద వందల శిల్పాల మధ్య ఒక పుర్రె మీద కూర్చున్న చిన్న కప్ప ఉంది. అది ఎవరి సాయం లేకుండా కనిపిస్తే పరీక్ష పాసవుతారని విద్యార్థుల నమ్మకం. పిల్లలకు ఆ పని అప్పజెప్తే అరగంట మీకు దిగులుండదు. చీకటి పడ్డాక ఊరి పెద్ద కూడలి ప్లాసా మయోర్‌లో దీపాలు వెలిగే టైమ్‌కు ఒక కాఫీ తీసుకుని కూర్చోండి.

సాలమాంకాలో నాలుగు రాత్రులు దిగి, ఒక రోజు మీడియా డిస్టాన్సియా రైల్లో గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం చేసి ఆవిలా చూసి రావచ్చు. ఆవిలా కోటగోడ దాదాపు రెండున్నర కిలోమీటర్లు, చాలా భాగం పైన నడవనిస్తారు. 1515లో క్రైస్తవ సన్యాసిని సెయింట్ తెరేసా పుట్టిన ఊరు.

లియోన్ కూడా దీనికి కలుపుదామా అని అడుగుతారు. అక్కడి కేథడ్రల్‌లో రంగు గాజు కిటికీలే 1,800 చదరపు మీటర్ల దాకా ఉన్నాయి, పొద్దున వెలుగులో చూడాల్సిందే. కానీ సాలమాంకా నుంచి నేరుగా రైలు లేదు, వల్యదోలిద్‌లో మారాలి. మాడ్రిడ్ నుంచైతే రెండు గంటల చిల్లర. రెండు వారాలు దాటే ట్రిప్ అయితేనే కలుపుకోండి.

లగ్జరీ రైలు ఎవరికి?

మన ప్యాలెస్ ఆన్ వీల్స్ తరహాలో స్పెయిన్‌లోనూ రైళ్లున్నాయి. ట్రాన్స్‌కాంటాబ్రికో 1983 నుంచి ఉత్తర తీరంలో మీటర్‌గేజ్ మీద నడుస్తోంది, సాన్ సెబాస్టియన్, సాంటియాగో దె కొంపోస్తెలా వైపుల మధ్య వారం రోజుల ప్రయాణం. అల్ అందలూస్ సెవిల్ నుంచి బయల్దేరి దక్షిణాది నగరాలు చుట్టి వస్తుంది. దాని పడక బోగీలు 1920లలో ఫ్రాన్స్‌లో తయారైనవి, ఒకప్పుడు బ్రిటిష్ రాజకుటుంబం వాడిన రకానివి. రెండూ రాత్రిళ్లు స్టేషన్‌లో ఆగుతాయి, కుదుపు లేకుండా నిద్ర పడుతుంది. టూర్లు, భోజనాలు అన్నీ టికెట్ ధరలోనే.

ధర మనిషికి వేల యూరోల్లో ఉంటుంది. షష్టిపూర్తికో, పెళ్లయి పాతికేళ్లయిన సందర్భానికో అమ్మానాన్నలకు బహుమతిగా ఇవ్వాలంటే బాగుంటుంది, సామాను మోసే బెడద ఒక్కసారి కూడా ఉండదు. కానీ నగరాలను నింపాదిగా చూడాలన్నదే మీ కోరిక అయితే ఇది సరైన ఎంపిక కాదు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో రైలు నిర్ణయిస్తుంది. మెస్కీటాలో ఇంకో అరగంట కూర్చోవాలనిపిస్తే గైడ్ జెండా ఎత్తేసి ఉంటాడు. పైగా నడిచే తేదీలు ఏడాదికి కొన్నే.

తిండి, పెద్దవాళ్లు, టికెట్లు

శాకాహారులకు దక్షిణమే నయం. సెవిల్‌లో పాలకూర, శనగల కూర ప్రతి చిన్న బార్‌లోనూ దొరుకుతుంది. కోర్డోబాలో తేనె చుక్కలు వేసిన వంకాయ వేపుడు ఉంటుంది. గస్పాచో చల్లటి టమాటా సూప్. కోర్డోబా వాళ్ల సాల్మొరేహో కూడా టమాటాదే, కానీ పైన గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లి ఇస్తారు. ముందే ‘సిన్ హమోన్, సిన్ ఉవెబో’ అని చెప్పాలి. కాస్టీల్‌లో ఈ సౌకర్యం తక్కువ. సెగోవియా పేరు చెప్తే పందిపిల్ల రోస్ట్, ఆవిలా అంటే పెద్ద బీఫ్ ముక్క. బీన్స్ కూరలో కూడా మాంసం ఉండొచ్చు, అడిగి తినండి. గుడ్డు తినేవాళ్లకైతే బంగాళాదుంప ఆమ్లెట్ తోర్తియా ఎక్కడైనా ఉంటుంది. మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు, రాత్రిది చాలాచోట్ల తొమ్మిది దాటాకే మొదలు. మన పెద్దవాళ్లు ఏడున్నరకే తింటారు కాబట్టి రూములో పండ్లు, బ్రెడ్డు, పెరుగు పెట్టుకోవడం మంచిది. సూపర్‌మార్కెట్లలో పెరుగు బాగుంటుంది.

60 దాటినవాళ్లకు రెన్ఫేలో టార్హెతా దొరాదా అనే కార్డు ఉంది. స్టేషన్ కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించి కొద్ది యూరోలకే తీసుకోవచ్చు, టికెట్ల మీద తగ్గింపు వస్తుంది. నడవలేని వాళ్లకు పెద్ద స్టేషన్లలో వీల్‌చైర్ సాయం ఉచితం, ముందుగా బుక్ చేసుకోవాలి.

పాస్ కొనాలా, విడి టికెట్లా? ఇండియా నుంచి వచ్చేవాళ్లకు యూరైల్, యూరప్‌లో నివాసముండే తెలుగువాళ్లకు ఇంటర్‌రైల్. కానీ పాస్ చేతిలో ఉన్నా హైస్పీడ్ రైలులో సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి మళ్లీ వేరే డబ్బు. పైన చెప్పిన తరహా ట్రిప్పులో పెద్ద ప్రయాణాలు నాలుగైదే ఉంటాయి. తేదీలు ఖాయమైతే విడి టికెట్లే చౌక అవుతాయి, పాస్ అవసరం రాదు. స్పెయిన్‌తో పాటు ఫ్రాన్స్, ఇటలీ కూడా తిరిగేవాళ్లు మాత్రం పాస్ లెక్క వేసుకోండి.

కాబట్టి మార్చి నుంచి మే లోపు, లేదా అక్టోబరు, నవంబరుల్లో మొదటిసారి వెళ్తుంటే: మాడ్రిడ్ రెండు రాత్రులు, కోర్డోబా రెండు, సెవిల్ నాలుగు, గ్రనడా మూడు. ఈస్టర్ ముందు వారంలోనూ, ఆ తర్వాత వచ్చే సెవిల్ ఫెరియా జాతర రోజుల్లోనూ హోటల్ ధరలు మండిపోతాయి. ఆ ఉత్సవం కోసమే వెళ్తే తప్ప ఆ తేదీలు వదిలేయండి. వేసవి సెలవుల్లో పిల్లలతో అయితే: సెగోవియా రెండు, సాలమాంకా నాలుగు, చివర్లో మాడ్రిడ్ నాలుగు, అందులో ఒక రోజు టొలేడో. హోటల్ మారేది రెండుసార్లే.

బుకింగ్ వరుస ఇలా ఉండాలి: వీసా పని మొదలవగానే అల్హంబ్రా టికెట్ల క్యాలెండర్ మీద కన్నేసి ఉంచండి. తర్వాత ఉచిత క్యాన్సిలేషన్ ఉన్న హోటళ్లు, వీసా చేతికి వచ్చాక దూరప్రాంత రైళ్లు. అవాంట్ టికెట్లు రెండు మూడు రోజుల ముందు తీసుకున్నా చాలావరకు దొరుకుతాయి, వారాంతం అయితే ఇంకాస్త ముందు. ప్రయాణం రోజున హైస్పీడ్ స్టేషన్లలో సామాను స్కానింగ్ ఉంటుంది, రైలు కదలడానికి కాస్త ముందే గేటు మూసేస్తారు. అరగంట ముందు చేరితే టెన్షన్ ఉండదు. టికెట్ మీద అతోచా అని ఉందో చమర్తిన్ అని ఉందో ముందురోజు రాత్రే చూసుకోండి. రెండూ మాడ్రిడ్‌కు రెండు చివర్లలో ఉన్నాయి. రెన్ఫే దూరప్రాంత టికెట్‌లో ఉండే కోడ్‌తో ఆ రెండు స్టేషన్ల మధ్య లోకల్ రైలు ఉచితం. పావుగంటలో దింపుతుంది, సామానుతో మెట్రోలో పడాల్సిన పని లేదు.